కాలని గుడ్డ: ఉప్పుడు బియ్యం మిల్లులో రాతినార సామాను తీసేసిన డైరీ

నిడదవోలు దగ్గర మా తాతగారి మిల్లు 2009లో ఆగిపోయింది. షెడ్డు అద్దెకు అడిగినవాళ్లు బాయిలర్ గది ఖాళీ చేసి ఇమ్మన్నారు. ఆ గదిలోనూ, పైన అటక మీదా రాతినారతో, అదే ఆస్‌బెస్టాస్‌తో, నేసిన గుడ్డలు, పేనిన తాళ్లు, గ్లౌజులు ఉన్నాయి. వీటి నూగు ఊపిరితో లోపలికి పోతే ఊపిరితిత్తులు గట్టిపడొచ్చు, క్యాన్సర్ రావచ్చు. నేను, మా బాబాయి కొడుకు, ఒకప్పుడు అక్కడే ఫిట్టరుగా చేసిన 74 ఏళ్ల మేస్త్రి గారు కలిసి నాలుగు నెలల్లో తీశాం.

ఒక జత గ్లౌజులో, రెండు మూరల తాడో దొరికినవాళ్లు ఇదంతా చెయ్యనక్కర్లేదు. కదపకుండా మీద కాస్త నీళ్లు చిలకరించి, మందపాటి కవర్లు రెండు తొడిగి, మూతి గట్టిగా టేపు చుట్టి, పేరు రాసి పక్కన పెట్టండి. పైపులకు చుట్టింది ఉంటేనే కిందిది పనికొస్తుంది.

దశ 1. మొదటి గంట, మూడు తప్పులు (నవంబర్ 11)

తప్పు ఒకటి. మేస్త్రి గారు తాడు కొస నుంచి ఒక పోగు పీకి లైటర్ పెట్టారు. "చూడండి అబ్బాయిగారూ, కాల్దండి. మీ తాతగారు వచ్చినోళ్లందరికీ ఇలాగే చూపించేవారు" అన్నారు. పోగు ఎర్రబడింది, చల్లారింది, చెక్కుచెదరలేదు. మేం ముగ్గురం దాని చుట్టూ తల వంచుకుని చూశాం. దీనివల్ల తెలిసింది ఏమీ లేదు. గాజు పోగుతో నేసిన గుడ్డా, సెరామిక్ తాడూ లైటర్ మంటకు కాలవు. పోగు పీకినప్పుడు మాత్రం కంటికి కనపడని నూగు లేచి ఉంటుంది, అదీ ముక్కుకు జానెడు దూరంలో.

తప్పు రెండు. అటక మీద నుంచి తాడు దింపితే తెల్లటి పొట్టు రాలింది. తమ్ముడు చీపురుతో ఊడ్చేశాడు.

తప్పు మూడు. చీపురుకు రాలేదని వర్క్‌షాప్ వాక్యూమ్ పెట్టాడు. మామూలు వాక్యూమ్ సంచిలో లావు పోగులే ఆగుతాయి. సన్నవి వెనక గొట్టం నుంచి గదంతా పరుచుకుంటాయి. తెల్ల రాతినారలో ఒక్కో విడి పోగు మందం 0.03 మైక్రాన్ దగ్గర ఉంటుంది. తల వెంట్రుక 70 మైక్రాన్ల లావు అనుకుంటే, ఆ సంచి దీనికి చేపల వల లాంటిది.

అప్పుడు ఆపేశాం. ఆ రోజు తర్వాత చేసింది ఇదీ:

1. ఫ్యాన్ కట్టేసి, తలుపు మూసి, తాళం వేశాం.
2. బోరు దగ్గరే బట్టలు తడిపి, విప్పి, కవర్లో కట్టేశాం. ఇంటికి తీసుకెళ్లలేదు. రాతినార ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ల బట్టలు ఉతికిన ఆడవాళ్లకు కూడా ఈ జబ్బులు వచ్చాయి.
3. తలస్నానం చేసి, మేస్త్రి గారి లుంగీలు కట్టుకుని ఇంటికెళ్లాం.

వాక్యూమ్ ఇక పనికిరాదు. లోపలి మోటారు రెక్కల దాకా శుభ్రం చేసే దారి లేదు. చీపురుతో పాటు అదీ చెత్తలోకి.

ఖర్చు: 4,800. మొత్తం: 4,800 రూపాయలు.

దశ 2. కంటితో తేల్చుకుందామని (నవంబర్ 14–18)

ఈసారి ఎన్95 మాస్కులు పెట్టుకుని, ఏదీ తాకకుండా టార్చి లైటు, 60 రెట్ల చేతి లెన్సుతో చూశాను. ఎన్95 దీనికి సరిపోదని దశ 4లో తెలిసింది. వస్తువుల లెక్క:

1. బూడిద తెలుపు గుడ్డ చుట్ట, మీటరు వెడల్పు
2. ఇత్తడి తీగ కలిపి నేసిన గుడ్డ చుట్ట
3. పేనిన తాడు, రెండు లావులు
4. గ్లౌజులు, 5 జతలు
5. వాల్వుల్లో కూరే నల్లటి చదరపు ప్యాకింగ్
6. పొయ్యి తలుపు పక్కన వేలాడే మంటల దుప్పటి
7. పాలలా తెల్లగా ఉన్న తాడు
8. ఆవిరి పైపులకు వేడి పోకుండా చుట్టిన పొరలు, అంటే లాగింగ్, 31 మీటర్లు

నేను వేసుకున్న గుర్తులు ఇవి. మెరుస్తూ, పోగులన్నీ ఒకే లావుగా ఉంటే గాజు. పసుపు రంగులో ఉంటే ఈ కాలపు అరమిడ్ (వేడికి తట్టుకునే కృత్రిమ పోగు) గ్లౌజు. మెరుపు లేకుండా, సబ్బు పూసినట్టు మెత్తగా, అంచున నూగు లేచి ఉంటే రాతినార. ఇవి పెట్టుకుని ఎనిమిదింటికీ ముందే జవాబులు రాసిపెట్టాను, తర్వాత ల్యాబ్‌తో పోల్చుకుందామని.

మూడు తప్పాయి. మంటల దుప్పటి ముప్పై ఏళ్ల మసితో మెరుపు పోయి అచ్చం రాతినారలా ఉంది, అది గాజు. పాల తెలుపు తాడు రాతినార అని రాశాను, అది సెరామిక్. నల్ల ప్యాకింగ్ గ్రీజు పట్టిన నూలు అనుకున్నాను, అది రాతినార. మొదటి రెండు తప్పులతో పోయేది డబ్బే. మూడోది అలా కాదు. నూలే కదా అని గోటితో గీరి చూసేవాణ్ని.

కాబట్టి కంటి చూపు అనుమానించడానికే తప్ప కొట్టిపారేయడానికి పనికిరాదు.

దశ 3. నమూనాలు, ల్యాబ్ (నవంబర్ 20 – డిసెంబర్ 12)

మొదటిసారి కాగితం కవర్లలో పెట్టి కొరియర్ చేశాను. ల్యాబ్ వాళ్లు తెరవకుండానే ఫోన్ చేశారు. పొడిగా, కాగితంలో, మూడు రకాలు ఒకే ప్యాకెట్లో పెడితే ఒకదాని పోగులు ఇంకోదానికి అంటుకుంటాయి, కవరు చిరిగితే దారంతా రాలుతుంది అన్నారు. నిజమే కదా. 350 రూపాయలు దండగ.

రెండోసారి తీసిన పద్ధతి:

1. కింద తడి టిష్యూ పరిచి, తియ్యబోయే చోట సబ్బు నీళ్లు చిలకరించి, పది నిమిషాలు ఆగాలి.
2. బొటనవేలి గోరంత ముక్క చాలు. కత్తెరతో ఒకేసారి కత్తిరించాలి, పీకకూడదు, చింపకూడదు.
3. జిప్ కవర్లో పెట్టి, దాన్ని ఇంకో జిప్ కవర్లో పెట్టి, పైన నంబరు రాయాలి.
4. కోసిన అంచుకు వెంటనే టేపు అంటించాలి.
5. కత్తెర తడి టిష్యూతో తుడిచి, ఆ టిష్యూ చెత్త కవర్లో వెయ్యాలి. ప్రతి నమూనాకూ కొత్త టిష్యూ.

లాగింగ్‌కు పై పొర ఒక్కటే తీస్తే సరిపోదు. పైన ఒక గుడ్డ, లోపల ఇంకొకటి ఉండొచ్చు. పైపు దాకా అన్ని పొరలూ తగిలేలా చిన్న ముక్క తీశాం.

ల్యాబ్ వాడేది ధ్రువణ కాంతి సూక్ష్మదర్శిని. వక్రీభవన గుణకం 1.550 ఉన్న నూనెలో పోగును వేసి, వెలుతురు ఆగిపోయేలా అడ్డంగా పెట్టిన రెండు పోలరాయిడ్ల మధ్య చూస్తారు. గాజు, సెరామిక్ పోగులు ఆ చీకట్లో మాయమైపోతాయి. తెల్ల రాతినార, అంటే క్రైసోటైల్, వెలుగుతూ కనపడుతుంది. తర్వాత ఒకే పోలరాయిడ్ ఉంచి, రంగులు చూపే లెన్సుతో చూస్తే, పోగును తిప్పే కొద్దీ ఒక వాటంలో ముదురు గులాబీ, ఇంకో వాటంలో నీలం రంగు ఇస్తుంది. పత్తి మెలి తిరిగిన రిబ్బనులా ఉంటుంది. లైటర్ చెప్పలేనిది నూనె చుక్క చెప్పింది.

ఫలితాలు: 1, 2, 3, 4, 5, 8 క్రైసోటైల్. 6 గాజు, 7 సెరామిక్. నీలి రాతినార, గోధుమ రాతినార ఎందులోనూ లేవు. అవి నీళ్లు సరిగా పీల్చవు, ఇంకా ప్రమాదం. అవి వచ్చుంటే పని అక్కడే ఆపి, పూర్తిగా బయటివాళ్లకు అప్పగించాలని ముందే అనుకున్నాం.

ఒక విషయం ఈ నివేదికలోనే అర్థమైంది. ఇంటి కప్పు రేకుల్లో రాతినార పది శాతం అటూ ఇటూ ఉంటుంది, సిమెంటు దాన్ని పట్టుకుని ఉంటుంది. గుడ్డలో అయితే చాలా భాగం రాతినారే. వ్యాపారంలో దీనికి గ్రేడులున్నాయి, అన్నిటికన్నా తక్కువ రకంలోనే 75 నుంచి 80 శాతం రాతినార ఉంటుంది. మిగతాది వడకడానికి వీలుగా కలిపే పత్తి. పోగును పట్టుకుని ఉంచేది ఆ పురి, ఆ పత్తి, అంతే.

మా చుట్టలో రాతినార 85 శాతం, మిగతాది పత్తి. పైపు మీద లాగింగ్‌లో పత్తి అసలు కనపడలేదు. రెండూ ఒకే గుడ్డ అని మేస్త్రి గారు ఒట్టేసి చెప్పారు. బాయిలర్ 10 కిలోల ప్రెషర్‌లో నడిచేది, అంటే ఆవిరి 180 డిగ్రీలు దాటి ఉంటుంది. రాతినారకు ఆ వేడి లెక్కలోది కాదు. పత్తి మాత్రం ఏళ్ల తరబడి మాడి మాడి పోయింది. అందుకే చుట్ట ఇప్పటికీ గట్టిగా ఉంటే, పైపు మీదిది ముట్టుకుంటే పిండిలా రాలుతోంది. అటక మీద చుట్టలు చూసి మేం భయపడ్డాం. భయపడాల్సింది పైపుల్ని చూసి.

ఖర్చు: నమూనా ఒక్కింటికి 2,500 చొప్పున 8, కొరియర్ రెండుసార్లు, కలిపి 20,950. మొత్తం: 25,750.

దశ 4. మాస్కు, సూటు (డిసెంబర్ 14–22)

ఇక్కడ తమ్ముడితో గొడవైంది. "అన్నయ్యా, మేస్త్రి గారు నలభై ఏళ్లు చేశారు, ఆయనకేం కాలేదు, మనకి రెండు వారాలకి ఇంత టెన్షనా" అన్నాడు.

నేత ఫ్యాక్టరీల సంగతే చెప్పాను. ఇంగ్లండ్‌లో రాచ్‌డేల్ ఊళ్లో రాతినార వడికిన నెల్లీ కెర్షా అనే ఆమె 1924లో ముప్పై మూడేళ్లకే చనిపోయింది. ఆమె ఊపిరితిత్తుల్లో దొరికిన రాతినార గురించి డాక్టర్ కుక్ అదే ఏడు వైద్య పత్రికలో రాశాడు. 1930లో మెర్‌వెదర్, ప్రైస్ అనే ఇద్దరు ప్రభుత్వ అధికారులు 363 మంది నేత కార్మికుల్ని పరీక్షిస్తే 95 మందికి ఊపిరితిత్తులు గట్టిపడి ఉన్నాయి. ఎక్కువ ఏళ్లు చేసినవాళ్లలో ఎక్కువమందికి. క్యాన్సర్ అయితే ఇరవై, ముప్పై, నలభై ఏళ్ల తర్వాత బయటపడుతుంది. సిగరెట్ కాల్చేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఇంకా పెరుగుతుంది. ఈ చివరి మాట తమ్ముడికి తగిలింది.

మేస్త్రి గారు విని ఊరుకున్నారు. తర్వాత ఆయన్ని రాజమండ్రి తీసుకెళ్లి ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించాం. ఫలితం ఆయన సొంత సంగతి, ఇక్కడ రాయను. రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులు ఉద్యోగం మొదలైన నాటి నుంచి నలభై ఏళ్లు లేదా రిటైరయ్యాక పదిహేనేళ్లు, ఏది తర్వాత వస్తే అంతవరకు, దాచాలని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసింది మన జస్టిస్ కె. రామస్వామి గారే. మా మిల్లు పుస్తకాల్లో మేస్త్రి గారి గురించి జీతం, అడ్వాన్సు తప్ప ఇంకేమీ లేదు. ఆ రోజు నుంచి ఆయన్ని గదిలోకి రానివ్వలేదు. కిటికీ బయట కుర్చీలో కూర్చుని చెప్పేవారు, మేం చేసేవాళ్లం.

కొన్నవి:

1. రబ్బరు హాఫ్ మాస్కులు 2, పీ3 ఫిల్టర్లు (ఎన్95 కన్నా బాగా వడకట్టేవి) 6 జతలు
2. ఒకసారి వాడి పారేసే టోపీ సూట్లు 30
3. 150 మైక్రాన్ల పాలిథిన్ షీటు, అదే మందం సంచులు, టేపు, నైట్రైల్ గ్లౌజులు
4. హెచ్ క్లాసు వాక్యూమ్ (సన్న పోగుల్ని కూడా ఆపే ఫిల్టరు ఉన్నది), అద్దెకు

మాస్కు బిగుతు పరీక్ష: ఫిల్టర్లను అరచేతులతో మూసి ఊపిరి పీల్చాలి, మాస్కు ముఖానికి అతుక్కుని అలాగే ఉండాలి. తమ్ముడికి మూడుసార్లూ గాలి లోపలికొచ్చింది. కారణం గడ్డం. అయ్యప్ప మాల తీసేదాకా గడ్డం తియ్యనన్నాడు. సరే, జనవరి మూడో వారం దాకా పని వాయిదా. అలాంటివాటికి వాయిదా వెయ్యడమే మందు, గడ్డం మీద మాస్కు పెట్టి సర్దుకోవడం కాదు.

ఖర్చు: 23,300, వాక్యూమ్ అద్దె, రవాణా 11,000. మొత్తం: 60,050.

దశ 5. తడపడం, తడవకపోవడం (జనవరి 20–22)

ముందు గది మూశాం. నేల మీద రెండు పొరల పాలిథిన్, కిటికీలకు ఒక పొర, తలుపుకు రెండు తెరలు. పది లీటర్ల నీళ్లకు గిన్నెలు కడిగే సబ్బు ద్రవం రెండు చెంచాలు కలిపి, కొత్త చేతి స్ప్రేయర్‌తో మంచులా కొట్టాం. పొలంలో మందు కొట్టినట్టు దగ్గర్నుంచి జోరుగా కొడితే పోగులు ఎగురుతాయి.

ఇరవై నిమిషాలు తడిపి లాగింగ్ అంచు కత్తిరించాను. పై పొర చెమ్మగా ఉంది, లోపల తాడు ఎండుటాకులా ఉంది. ఎందుకంటే పై గుడ్డకు ఎప్పుడో అల్యూమినియం పెయింటు వేశారు. నీళ్లు జారి కింద పడుతున్నాయి.

మార్పు: పశువులకు వాడే పెద్ద సిరంజి, లావు సూది. ప్రతి బెత్తెడు దూరానికి పైపు పొడవునా గుచ్చి, మెల్లగా 20 మిల్లీలీటర్లు. పై నుంచి కిందకు. పాలిథిన్ చుట్టి రాత్రంతా వదిలేశాం. పొద్దున కోస్తే లోపల కూడా తడి. పని చేసింది కానీ మీటరుకు 25 నిమిషాలు పట్టింది.

చుట్టల విషయంలో దీనికి వ్యతిరేకంగా వెళ్లాం. చుట్ట గట్టిగా ఉంది, నానబెడితే బరువు సగం పైన పెరిగి సంచి చిరుగుతుంది. పైపైన చిలకరించి, విప్పకుండా అలాగే చుట్టేశాం.

ఖర్చు: 3,000. మొత్తం: 63,050.

దశ 6. తీసివేత (జనవరి 23–29)

ఒక్కో విడత 30 నిమిషాలు. జనవరే అయినా ఆ సూటు లోపల బనియన్ పిండితే నీళ్లొచ్చేవి. చెమటకు మాస్కు జారుతుంది, జారితే బయటికే. ఎండాకాలంలో ఈ పనికి దిగొద్దు.

చుట్టలు, తాళ్లు, గ్లౌజులు, ప్యాకింగ్ మొదటి రోజే అయిపోయాయి. ఇత్తడి తీగ గుడ్డ మాత్రం సంచిని రెండు చోట్ల పొడిచింది. దాన్ని బయటికి తియ్యకుండా పైన మందపాటి టార్పాలిన్ చుట్టి, ఇంకో సంచిలో దించాం. తీగ కొసలున్నవాటికి ముందే టార్పాలిన్ చుట్టుకోవాలి.

రెండో రోజు లాగింగ్. 6 మీటర్లు విప్పేసరికి రోజున్నర పట్టింది. ఎంత తడిపినా, విప్పడం అంటేనే ప్రతి పొరనూ కదపడం. పాలిథిన్ మీద తెల్లటి బురద. అప్పుడు కిటికీ బయట నుంచి మేస్త్రి గారు, "అబ్బాయిగారూ, పైపు ఎలాగూ పాత ఇనుముకే కదండీ. గుడ్డ విప్పడం ఎందుకండీ, ఫ్లాంజి దగ్గర ఊడదీసి పైపుతో పాటు ఎత్తేయండి" అన్నారు.

ఫ్లాంజి అంటే రెండు పైపుల్ని బోల్టులతో కలిపే అంచు. అంతే. మిగిలిన 25 మీటర్లకు పద్ధతి మారింది:

1. లాగింగ్ మీద చిలకరించి, పైపు మొత్తానికి పాలిథిన్ రెండు పొరలు చుట్టి టేపు వెయ్యాలి.
2. ఫ్లాంజి దగ్గర గుడ్డ లేని చోటు తుడిచి, బోల్టులకు తుప్పు వదిలించే నూనె రాసి ఒక రాత్రి ఆగాలి.
3. బోల్టులు విప్పాలి. రానివి చేతి రంపంతో కొయ్యాలి. గ్రైండరు, గ్యాసు కటింగు పనికిరావు. మధ్యలో ఆవిరి కారకుండా పెట్టిన గ్యాస్కెట్ కూడా రాతినారే.
4. ఫ్లాంజి విడగానే గ్యాస్కెట్ తడిపి, గీరకుండా, రెండు మూతులకూ పాలిథిన్ టోపీలు కట్టాలి.
5. ఇద్దరు పట్టుకుని దించాలి, ఈడ్చకూడదు.

మొత్తం 36 బోల్టుల్లో 21 స్పానర్‌కు వచ్చాయి, 15 కోశాం. రెండు రోజుల్లో 25 మీటర్లు. ఇనుము అమ్మితే వచ్చే డబ్బు పోయింది, బదులుగా ఒక్క పొర కూడా విప్పలేదు. ఈ సలహా మొదటి రోజే అడిగి ఉంటే ఆ సిరంజి కొనే పనే లేదు.

బయటికి వచ్చే వరస మారకూడదు: సూటు మీద వాక్యూమ్, పైన నీళ్లు చిలకరింపు, లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ విప్పడం, స్నానం, నీళ్లు పడుతుండగా చివర్న మాస్కు. రెండో రోజు అలవాటులో నేను మాస్కు ముందే తీశాను. అప్పటి నుంచి తలుపు మీద పెద్ద అక్షరాలతో "మాస్కు చివర" అని అంటించాం.

దశ 7. ఇస్త్రీ బల్ల (జనవరి 30)

ఇది ప్లానులో లేదు. మొదటి చుట్ట అంచున నలుచదరంగా ఒక ముక్క కోసి ఉండటం సంచిలో పెట్టేటప్పుడే గమనించాను. మేస్త్రి గారిని అడిగితే, "అది మీ నానమ్మగారికండి. బొగ్గుల ఇస్త్రీ పెట్టె కింద బల్ల మాడిపోతోందంటే నేనే కోసిచ్చాను" అన్నారు.

ఆ బల్ల తణుకులో మా మేనత్త ఇంట్లో ఉంది. ఫోన్ చేస్తే ఇంకా దాని మీదే ఇస్త్రీ చేస్తున్నారు. పాత దుప్పటి పరిచి, కింద ఆ గుడ్డ. "చాలా మంచి గుడ్డరా, నలభై ఏళ్లయినా చెక్కుచెదరలేదు" అంది అత్తయ్య.

ఆ సాయంత్రమే వెళ్లాం. పరీక్షకు పంపలేదు, అదే చుట్ట ముక్క, కొలత కూడా సరిపోయింది. ఆమెను వేరే గదిలో కూర్చోబెట్టి, ఫ్యాన్ ఆపి, దుప్పటితో సహా తడిపి, మడిచి, రెండు సంచుల్లో పెట్టాం. బల్ల చెక్కను తడి గుడ్డతో మూడుసార్లు తుడిచి, ఆ గుడ్డలూ సంచిలోనే. దుప్పటి పోతుందంటే అత్తయ్యకు కోపం వచ్చింది. అది నానమ్మ చీరలతో కుట్టిన బొంతట. నేతలో ఇరుక్కున్న పోగులు ఉతికితే పోతాయన్న నమ్మకం లేదు, ఉతికిన నీళ్లు, బకెట్టు, తాడు అన్నీ మళ్లీ లెక్కలోకొస్తాయి. అయినా ఆవిడ మొహం చూస్తూ ఆ సంచి మూతి కట్టడం ఈ మొత్తం పనిలో కష్టమైన పది నిమిషాలు.

మీ ఇంట్లో ఎవరైనా బాయిలర్, రైల్వే, ఫౌండ్రీ పనుల్లో చేసి ఉంటే ఇస్త్రీ బల్ల, పొయ్యి గట్టు, వేడి గిన్నెల కింది పీట చూడండి. మిగిలిన ముక్కలు ఇంటికి తెచ్చుకోవడం మామూలే.

దశ 8. గోనె సంచులు, తుడుపు (ఫిబ్రవరి 1–4)

అటక మీద తాళ్ల కిందే 140 పాత గోనె సంచులున్నాయి. మేం ఊడ్చినప్పుడు, వాక్యూమ్ పెట్టినప్పుడు లేచిందంతా వాటి మీదే పడి ఉంటుంది. గోనె అంటేనే నూగు. దులపలేం, తుడవలేం. ఒక సంచి మీద టేపు అంటించి తీసి ల్యాబ్‌కు పంపుదామా అనుకున్నాం, కానీ ఒకదానిలో లేకపోతే మిగతా 139లో లేవని ఎలా అంటాం? అన్నీ తడిపి మూటలు కట్టాం. మొదటి గంటలో చీపురు పట్టకపోయి ఉంటే ఇందులో సగం బరువు తగ్గేది.

గోడలు, దూలాలు పై నుంచి కిందకు ముందు హెచ్ క్లాసు వాక్యూమ్, తర్వాత తడి గుడ్డ. గుడ్డ ఒక వైపే, ఒకసారే, మడిచి ఇంకో వైపు, తర్వాత సంచిలోకి. బకెట్లో ముంచి మళ్లీ వాడకూడదు.

దశ 9. గాలి పరీక్ష, మూడుసార్లు (ఫిబ్రవరి 8 – మార్చి 2)

పంపుతో 480 లీటర్ల గాలిని ఫిల్టరు మీదుగా లాగి, మైక్రోస్కోపులో పోగులు లెక్కపెడతారు. 5 మైక్రాన్ల కన్నా పొడవు, 3 కన్నా సన్నం, వెడల్పుకు మూడింతలకు మించి పొడవు ఉన్నవే లెక్క. 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టంలో క్రైసోటైల్‌కు పని చోట పరిమితి మిల్లీలీటరు గాలికి 1 పోగు అని ఉండేది. అమెరికాలో 1994 నుంచి 0.1. తీసివేత అయ్యాక గదిని మళ్లీ వాడుకోవచ్చా అని చూడ్డానికి బ్రిటన్‌లో 0.01 పెట్టుకుంటారు. మేం 0.01 ఎంచుకున్నాం.

మొదటిసారి: లెక్కపెట్టడానికే వీలు కాలేదు. ఫిల్టరు నిండా ఊక దుమ్ము. ఏళ్ల తరబడి నడిచిన మిల్లు, దూలాల మీద ఎంత ఉంటుందో మేం ఊహించలేదు.

పక్క గదుల దూలాలు కూడా తుడిచాం. రెండోసారి: 0.014. ఈ పద్ధతిలో రాతినార పోగుకూ జనపనార పోగుకూ తేడా తెలియదు, రెండూ ఒకటే లెక్క. గోనె పోగులే అయి ఉండొచ్చని తమ్ముడన్నాడు. అయి ఉండొచ్చు. కానీ ఆ మాట మీద షెడ్డు అద్దెకు ఇవ్వలేం. కిటికీ పాలిథిన్ మడతల్లో, అటక చెక్కల సందుల్లో మళ్లీ వాక్యూమ్, మళ్లీ తుడుపు. వాక్యూమ్ ఇచ్చినాయన ఈసారి అద్దె తీసుకోలేదు.

మూడోసారి: 0.01 లోపు.

ఖర్చు: 14,000, 9,000, 9,000. మొత్తం: 95,050.

దశ 10. పంపడం (మార్చి 5–14)

పాతిపెడదాం అన్నవాళ్లున్నారు, కాలవ గట్టున పడేయమన్నవాళ్లూ ఉన్నారు. కాల్చేద్దాం అన్నాయన గుడ్డ పేరు మర్చిపోయి ఉంటాడు. ప్రమాదకర వ్యర్థాలకు ఆంధ్రలో పరవాడ దగ్గర కేంద్రం ఉంది, హైదరాబాద్ వైపు వాళ్లకు దుండిగల్. మాకు పరవాడ, దాదాపు 190 కిలోమీటర్లు. 2016 నిబంధనల ప్రకారం సంచుల మీద లేబుల్ ఫారం 8, లారీతో పాటు వెళ్లే మ్యానిఫెస్టు ఫారం 10, ఏడు ప్రతులు. అనుమతి ఉన్న లారీయే రావాలి. కాగితాలకు నేను మూడుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగాను. మిల్లు మూతపడ్డాక వ్యర్థం ఎవరిది అన్న ప్రశ్నకు కాయితం ఒకటి ఎప్పుడూ తక్కువయ్యేది. పాత మిల్లు లైసెన్సు జిరాక్సు ముందే పెట్టుకోండి.

సీలు వేశాక తూచిన లెక్క, కిలోల్లో:

1. చుట్టలు 21.4
2. తాళ్లు 10.1 (మొత్తం 31.5)
3. గ్లౌజులు 3.6 (35.1)
4. ప్యాకింగ్ 2.7 (37.8)
5. ఇస్త్రీ బల్ల గుడ్డ, బొంత 2.9 (40.7)
6. విప్పిన లాగింగ్, తడితో 29 (69.7)
7. లాగింగ్‌తో సహా పైపులు 188 (257.7)
8. గోనె సంచులు 86 (343.7)
9. సూట్లు, పాలిథిన్, ఫిల్టర్లు, చీపురు, వాక్యూమ్ 37 (380.7)

500 కిలోల వరకు ఒకటే రేటు అన్నారు కాబట్టి పైపుల బరువు ఇబ్బంది కాలేదు. అది ముందే అడిగి తెలుసుకోండి, మీ దగ్గర కిలో లెక్కన తీసుకుంటే దశ 6 లెక్క మారిపోతుంది.

ఖర్చు: 38,000. మొత్తం: 1,33,050 రూపాయలు.

సెరామిక్ తాడు, గాజు దుప్పటి మా దగ్గరే ఉన్నాయి, విడిగా కట్టి. సెరామిక్ పోగు కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు, దానికీ మాస్కు పెట్టే ముట్టుకున్నాం.

మిగిలింది

బాయిలర్ అలాగే ఉంది. దాని మ్యాన్‌హోల్ మూత కింద, పొయ్యి తలుపు అంచు గాడిలో తాడు ఇంకా ఉంది. బిగించి ఉన్నంతకాలం అది కదలదు. మూత బోల్టుల మీద ఎర్ర పెయింటుతో "లోపల రాతినార తాడు ఉంది, విప్పవద్దు, గ్యాసు కటింగు పెట్టవద్దు" అని మేస్త్రి గారి చేత రాయించాం. పాత ఇనుము వ్యాపారి రెండుసార్లు వచ్చి రేటు చెప్పి వెళ్లాడు. కట్టర్ తెచ్చి ఇక్కడే ముక్కలు చేసి తీసుకుపోతానన్నాడు. ఇవ్వలేదు. ఆ రెండు తాళ్లు తీసే పని వచ్చే డిసెంబర్‌కు పెట్టుకున్నాం, తమ్ముడు మాల వేసుకోకముందే.